హాఫ్ టన్ పికప్‌తో 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్ లాగొచ్చా?

ప్రశ్నలో మీరిచ్చిన వివరాలు ఇవీ: డల్లాస్‌లో ఉంటారు. హాఫ్ టన్ (పెద్ద పికప్‌లలో తేలిక తరగతి) క్రూ క్యాబ్, అంటే నాలుగు తలుపుల పికప్ ఉంది, బ్రోచర్‌లో 11,000 పౌండ్లు లాగుతుందని ఉంది. నచ్చిన ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) 28 అడుగులది, ఖాళీ బరువు 5,900, నిండా సర్దితే 7,600 దాకా. వేసవికి గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, పిల్లలిద్దరితో కలిపి ఆరుగురు కొలరాడో వెళ్ళాలి. డీలరేమో 'బ్రహ్మాండంగా లాగుతుంది' అన్నాడు.

లాగుతుంది. ఆ ముక్క వరకూ డీలర్ అబద్ధమాడలేదు. ఈ కాలం హాఫ్ టన్ ఇంజన్లకి 7,000 పౌండ్లు లాగడం పెద్ద పని కాదు. మీ ట్రక్కు ఇబ్బంది పడేది మొయ్యడం దగ్గర.

ముందు ఆ 11,000 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. ఎస్ఏఈ (వాహన ఇంజనీర్ల సంస్థ) జే2807 అని ఒక పరీక్షా పద్ధతి ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ళ ఎక్కుడు మీద, మండే ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, వేగం గంటకి 40 మైళ్ళకి తగ్గకుండా ఎక్కాలి. పరీక్ష గట్టిదే, కాదనను. కానీ ఆ లెక్కలో ట్రక్కులో ఉండేది ఇద్దరే, ఒక్కొక్కరు 150 పౌండ్లు. ట్రైలర్ ముక్కు బరువు, అంటే దాని ముందు కొస ట్రక్కు వెనక మోపే బరువు కూడా కనీసంగా పది శాతమే వేసుకుంటారు. వెనక సీట్లో ముగ్గురు, బెడ్‌లో (ట్రక్కు వెనక సామాను తొట్టిలో) కూలర్, కట్టెలు, సోనా మసూరి సంచీ... ఇవేవీ అందులో లేవు.

అందుకని బ్రోచర్ పక్కన పెట్టి డ్రైవర్ తలుపు తెరవండి. తలుపు ఫ్రేమ్ మీద టైర్ల వివరాలున్న తెలుపు పసుపు స్టికర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. పేలోడ్ అంటే అదే. మీ ట్రక్కుకి మాత్రమే వర్తించే అంకె అది, అదే మోడల్ పక్కింటివాళ్ళ ట్రక్కుకి వేరేగా ఉండొచ్చు. మనవాళ్ళకి కొంటే టాపెండే కొనాలి కదా, అక్కడే తిరకాసు. పెద్ద గాజు పైకప్పు, పవర్ మెట్లు, చల్లగాలి సీట్లు, ఇరవై రెండంగుళాల చక్రాలు అన్నీ పేలోడ్‌లోంచే పోతాయి. బట్ట సీట్ల మామూలు ట్రిమ్ (అదే మోడల్‌లో చవక రకం) కన్నా, దానికి రెట్టింపు ధర పెట్టిన ట్రిమ్ మూడు నాలుగు వందల పౌండ్లు తక్కువ మోస్తుంది. సేల్స్‌మన్ ఈ సంగతి మాత్రం ఎత్తడు.

మీ స్టికర్ మీద 1,550 ఉందనుకుందాం, హాఫ్ టన్నుల్లో మామూలుగా కనపడే అంకే. ఆరుగురి బరువు 175, 140, 150, 130, 75, 55 కలిపితే 725. ట్రైలర్ బ్రోచర్‌లో ముక్కు బరువు 640 అని ఉంటుంది, దాన్ని నమ్మకండి. అది బ్యాటరీ లేకుండా, చాలాసార్లు గ్యాస్ సిలిండర్లు కూడా ఖాళీగా ఉండగా తూచింది. నిండిన సిలిండర్ ఒక్కోటి దాదాపు 37 పౌండ్లు, రెండుంటాయి. బ్యాటరీ 45 నుంచి 50. ఈ మూడూ కూర్చునేది సరిగ్గా ముక్కు మీదే. సామాను సర్దాక ట్రైలర్ 7,000 అవుతుంది, 13 శాతం చొప్పున ముక్కు బరువు 910. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ముక్కు బరువుని బార్లతో ముందు చక్రాలకీ ట్రైలర్‌కీ పంచే కొక్కెం) ఇనుమే 90. మొత్తం 1,725. బెడ్‌లో ఇంకా ఒక్క కూలర్ కూడా పెట్టలేదు, అప్పుడే 175 ఎక్కువ.

'ముక్కు బరువు తగ్గిస్తే సరిపోతుందిగా' అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. ఎడ్లబండిలో బస్తాలన్నీ వెనక వేస్తే కాడి పైకి లేచినట్టే ఇదీ. ముక్కు బరువు పది శాతం కిందికి పోతే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. 12, 13 శాతం దగ్గర ఉంచండి. వెనక బంపర్‌కి సైకిళ్ళ ర్యాక్ తగిలిస్తే ముక్కు తేలిపోతుంది. మంచినీళ్ళ ట్యాంకు ఇరుసుల ముందుందా వెనకుందా అన్నది కూడా చూసుకోండి. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు, 40 గ్యాలన్లంటే 330 పైన. క్యాంప్‌గ్రౌండ్‌లో కుళాయి ఉన్నప్పుడు ట్యాంకు నింపుకుని మోయడం దేనికి?

ఎయిర్ బ్యాగుల సంగతి కూడా చెప్పాలి. వెనక స్ప్రింగుల దగ్గర గాలి బ్యాగులు పెడితే ట్రక్కు తోక లేస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. పేలోడ్ మాత్రం ఒక్క పౌండు పెరగదు. పైగా ముందు చక్రాల మీద తగ్గిన బరువు వాటివల్ల తిరిగి రాదు. ఆ పని చెయ్యాల్సింది హిచ్ బార్లు.

హిచ్ బిగించేటప్పుడు చదునైన చోట ముందు ఫెండర్ (చక్రం పైన రేకు) ఎత్తు మూడుసార్లు కొలవండి: ట్రైలర్ లేకుండా, తగిలించి బార్లు లేకుండా, బార్లతో. ట్రైలర్ తగలగానే ముందు భాగం లేస్తుంది. బార్లు వేశాక ఆ లేచిన దాంట్లో ఎంత దిగాలో ట్రక్కు మాన్యువల్ చెబుతుంది, చాలా హాఫ్ టన్నులకి సుమారు సగం. చాలకపోతే హిచ్ తలలో వాషర్లు పెంచి దాన్ని వెనక్కి వంచాలి. బార్లు ఎక్కించే ముందు టంగ్ జాక్‌తో (ట్రైలర్ ముక్కు దగ్గరుండే జాకీ) ట్రైలర్ ముక్కునీ ట్రక్కు తోకనీ కలిపి పైకి లేపండి. లేపకుండా గొట్టం పెట్టి బలవంతంగా ఎక్కిస్తే బార్ ఎగిరొచ్చి మోచేతికో మొహానికో తగులుతుంది. రిసీవర్ (హిచ్ దూర్చే ట్రక్కు వెనక గొట్టం) కింద ఉన్న స్టికర్ కూడా చదవండి. బార్లు లేకుండా 5,000 ట్రైలర్, 500 ముక్కు బరువు మాత్రమే అని చాలా ట్రక్కుల మీద ఉంటుంది.

ఇంత లెక్కా వేసినా కాగితం మీద లెక్క కాగితం మీదే. నిజం తేలేది క్యాట్ స్కేల్ అనే లారీలు తూచే కాటా మీద. హైవే పక్కన లారీలు ఆగే పెద్ద బంకుల్లో ఉంటుంది. పూర్తిగా సర్దుకుని, పెట్రోలు నిండా పోయించుకుని, అందరూ కూర్చుని వెళ్ళాలి. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద ఉండేలా ఆపండి. స్తంభానికున్న బటన్ లారీ డ్రైవర్ల ఎత్తులో ఉంటుంది, దిగి నొక్కాలి, లేదా ఫోన్‌లో వాళ్ళ యాప్ వాడండి. బార్లతో ఒకసారి తూచాక పక్కకి తీసుకెళ్ళి బార్లు విప్పి రెండోసారి, ట్రైలర్‌ని పార్కింగ్‌లో వదిలి ట్రక్కు ఒక్కదాన్నే మూడోసారి. 24 గంటల్లోపు మళ్ళీ తూస్తే తక్కువే తీసుకుంటారు. వెనక లారీలు వరసలో ఉంటే స్కేల్ మీదే నిలబడి చీటీ చదవకండి, వాళ్ళకి అది పనివేళ.

మీ బండికి చీటీలు ఇలా వస్తాయి. బెడ్‌లో వంద పౌండ్ల సామాను వేశాననుకోండి. హిచ్ తల ఉంచి ట్రక్కు ఒక్కటే తూస్తే ముందు 3,460, వెనక 2,955, మొత్తం 6,415. ట్రైలర్ తగిలించి బార్లు లేకుండా ముందు 3,050, వెనక 4,275, ట్రైలర్ ఇరుసులు 6,090. ట్రక్కు మొత్తం 7,325, అందులోంచి 6,415 తీసేస్తే 910, అదే ముక్కు బరువు. బార్లు వేశాక ముందు 3,300, వెనక 3,895, ట్రైలర్ 6,220. అంటే బార్లు వెనక ఇరుసు మీంచి 380 తీసి, 250 ముందుకీ 130 ట్రైలర్‌కీ పంచాయి. వెనక ఇరుసు పరిమితి 4,050 అయితే బార్లు లేకుండా దాటేశారు, బార్లతో లోపలికొచ్చారు. కానీ ట్రక్కు మొత్తం ఇప్పటికీ 7,195. తలుపు మీద రాసిన గరిష్ఠ బరువు 7,050 అయితే 145 ఎక్కువ. బార్లు సర్దగలిగింది ఇంతే. ఇది దించడానికి మనుషులో సామానో తగ్గాలి.

టైర్ల విషయంలో ట్రైలర్ కంపెనీల పిసినారితనం అంతా ఇంతా కాదు. చవక ట్రైలర్లకి 14 అంగుళాల లోడ్ రేంజ్ సీ (టైరు ఎంత మోస్తుందో చెప్పే అక్షరం, ఈ దానికన్నా గట్టిది) టైర్లు వేసి పంపుతారు. ఆ 205/75 సైజు ఒక్కోటి 1,760 మోస్తుంది, నాలుగూ కలిపి 7,040. ఇరుసుల మీద 6,220 పడితే, అదీ ఒక పక్కే వంటగది బరువంతా ఉంటే, మిగిలేది ఏముంది? 15 అంగుళాల 225/75 లోడ్ రేంజ్ ఈ అయితే ఒక్కోటి 2,830, గాలి 80 పీఎస్ఐ, చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. రిమ్ములు కూడా ఆ గాలికి తట్టుకునేవి కావాలి. చక్రాల నట్లు మొదటి 10, 25, 50 మైళ్ళకి టార్క్ రెంచ్‌తో చూడండి. బ్రేక్ గెయిన్ (ట్రక్కులోని బ్రేక్ కంట్రోలర్ ట్రైలర్ బ్రేకులని ఎంత గట్టిగా వెయ్యాలన్నది) సెట్ చెయ్యడం తేలిక: ఖాళీ స్థలంలో గంటకి 20, 25 మైళ్ళ మీద కంట్రోలర్ చేతి మీట పూర్తిగా నొక్కాలి, ట్రైలర్ చక్రాలు జారిపోయేదాకా గెయిన్ పెంచి కాస్త వెనక్కి తగ్గాలి. బ్రేక్‌అవే తీగని (ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పడేలా చేసేది) సేఫ్టీ గొలుసులకి తగిలించకండి. విడిగా ట్రక్కుకే.

ఇక మీ దారి. డల్లాస్ నుంచి 287 పట్టుకుని విచిటా ఫాల్స్, అమరిల్లో, అక్కణ్ణుంచి డాల్‌హార్ట్ మీదుగా కొలరాడో సరిహద్దు దగ్గరి రటోన్. అందరూ కొండల గురించి భయపడతారు గానీ 28 అడుగుల డబ్బాకి అసలు పరీక్ష టెక్సస్ పాన్‌హ్యాండిల్ (అమరిల్లో చుట్టూ ఉన్న ఉత్తర భాగం) పక్కగాలి. గాలి ఆగకుండా ఎడమ నుంచి తోస్తుంటే మీరు స్టీరింగ్ కొద్దిగా అటే పట్టుకుని ఉంటారు. ఇంతలో లారీ దాటుతుంది. దాని ముందు గాలి ట్రైలర్ తోకని కుడికి తోస్తుంది, లారీ పక్కనున్న క్షణం గాలి ఆగిపోయి ట్రైలర్ లారీ వైపు వాలుతుంది, అది వెళ్ళగానే గాలి మళ్ళీ కొడుతుంది. అద్దంలో తోక అటూ ఇటూ వెళ్ళడం కనపడుతుంది. ఆ సమయంలో కాలు బ్రేక్ మీదకి పోతుంది, పోనివ్వకండి. ట్రక్కు బ్రేక్ వేస్తే ట్రైలర్ వెనకనుంచి ఇంకా తోస్తుంది. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ చేతి మీట మాత్రం నొక్కాలి. ఊపుని సరిచేద్దామని స్టీరింగ్ తిప్పితే ఊపు పెరుగుతుంది. 60, 62 దాటకుండా వెళ్ళండి, వెనకవాడు హారన్ కొట్టుకోనీ.

రటోన్ పాస్ 7,834 అడుగులు. టర్బో లేని ఇంజన్ వెయ్యి అడుగులకి సుమారు మూడు శాతం శక్తి పోగొట్టుకుంటుంది కాబట్టి అక్కడ నాలుగో వంతు దగ్గరగా తగ్గుతుంది. టర్బో అయితే అంత తెలీదు. దిగేటప్పుడు టో-హాల్ మోడ్‌లో (బరువు లాగేటప్పటి గేర్ల సెట్టింగ్), దిగుడు మొదలవ్వకముందే గేరు తగ్గించి ఇంజన్‌కి పని చెప్పండి. బ్రేక్ అదిమిపెట్టి ఉంచకుండా, గట్టిగా కాసేపు నొక్కి వదలండి. మైలేజీ గ్యాలన్‌కి 8 నుంచి 10 మధ్య వస్తుంది. 26 గ్యాలన్ల ట్యాంకయితే పాన్‌హ్యాండిల్‌లో సగం కాగానే బంకు వెతుక్కోండి.

ఇంకా కొనకపోతే గరిష్ఠ బరువు 6,500 లోపు, 24, 25 అడుగుల ట్రైలర్ చూడండి, ఆరుగురికి పడకలున్నవే దొరుకుతాయి. అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే అమ్మానాన్నలని రెండో కారులో ఎక్కించి వెనకే రమ్మనండి. వాళ్ళిద్దరి 280 పోతే ట్రక్కు 6,915కి దిగుతుంది, పరిమితి కన్నా 135 తక్కువ. ఆ 135లో చెక్క కట్టెలు నింపకండి, క్యాంప్‌గ్రౌండ్ దగ్గర అమ్ముతారు.