పొడవు తూటాకి టరెట్ ప్రెస్: అల్లుడికి ఉత్తరం

అనంతపురం

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలు, మెసేజీలు అన్నీ చూశాను. పేలిన కేసుల్ని మళ్లీ తూటాలుగా చేసుకునే నీ టరెట్ ప్రెస్ (అచ్చుల్లాంటి డైలన్నీ టరెట్ అనే తిరిగే పలకకి బిగించి ఉండే మిషను) .308 రైఫిల్ తూటాలకు సాఫీగా నడిచి, ఇంకా పొడవైన .30-06 మొదలుపెట్టగానే మొరాయిస్తోందని, వెనక్కి పంపేయాలా అని అడిగావు. పంపకు. నువ్వు చెప్పినవాటిలో చాలావరకు ప్రెస్ తప్పులు కావు.

ముందు కొలతలు చూడు. .308 విన్‌చెస్టర్ ఇత్తడి కేసు పొడవు 2.015 అంగుళాలు. .30-06 కేసు 2.494 దాకా ఉంటుంది, బుల్లెట్ కూర్చున్నాక తూటా మొత్తం 3.340 దాకా పోతుంది. ఆ అర అంగుళం తేడాలోనే ఉంది నీ మొదటి కష్టం. టరెట్ తనంతట తాను తిరిగేది మెలితిరిగిన కడ్డీ వల్ల కదా. పొట్టి కేసైతే టరెట్ తిరిగే వేళకి డైలోంచి పూర్తిగా బయటపడి ఉంటుంది. పొడవు కేసు మూతి ఇంకా డైలోనే ఉండిపోతుంది. టరెట్ తిరగబోతుంది, కేసు అడ్డం పడుతుంది, నువ్వేమో లివర్ మీద ఇంకా బలం పెడతావు. కేసుల మూతులు నొక్కుకుపోయింది అందుకే. ఆ కడ్డీ తీసి డ్రాయర్‌లో పెట్టెయ్. టరెట్ చేత్తోనే తిప్పు. అది తన గాడిలో టక్కుమని కూర్చున్నాకే లివర్ పట్టుకో.

అలాగైతే స్పీడ్ పోతుంది కదా మామా అంటావు. పోనీ. రైఫిల్ తూటాకి టరెట్ ప్రెస్ కొనేది స్పీడ్ కోసం కాదని నా అభిప్రాయం. డైలు ఒకసారి సెట్ చేస్తే మళ్లీ విప్పి బిగించే పని ఉండదు, దాని గొప్పంతా అంతే. కేసులన్నీ ముందు సైజింగ్ చేసుకో (పేలి ఉబ్బిన కేసుని డైలో నొక్కి పాత కొలతకి తేవడం), తర్వాత ప్రైమర్లు (కేసు అడుగున కూర్చుని పౌడర్‌ని అంటించే చిన్న టోపీలు), తర్వాత పౌడర్, చివర బుల్లెట్. ఇంకో మాట. కడ్డీ ఉండగా మధ్యలో ఆగి చేత్తో వెనక్కి తిప్పావంటే లోపలి ప్లాస్టిక్ బిళ్ల అరిగిపోతుంది. నీది ఇప్పటికే అరిగి ఉండొచ్చు, టరెట్ రెండు డైల మధ్యన ఆగేది దానివల్లే. .308కి మళ్లీ వాడాలంటే కొత్తది వేసుకో.

ఇక టరెట్ ఊగుతోందన్న భయం. ఊగుతుంది, ఊగకపోతే తిరగదు. సైజింగ్ చేసేటప్పుడు కింది నుంచి బలం పడి టరెట్ కాస్త పైకి లేచి, పైనున్న చట్రానికి ఆనుకుంటుంది. హ్యూస్టన్ టూల్‌రూమ్‌లో ఉన్నప్పుడూ, ఇక్కడి లేత్ షాపులోనూ నేను చూసింది ఒకటే: ఆ వదులు (ప్లే) ప్రతిసారీ ఒకేలా ఉంటే పనివాడికి ఇబ్బంది లేదు, మారుతూ ఉంటేనే తంటా. డయల్ గేజ్ టరెట్ మీద ఆనించి పది కేసులు సైజ్ చేసి చూడు. ముల్లు ప్రతిసారీ ఒకే చోటికి వస్తుంటే దాన్ని మర్చిపో. రాకపోతే టరెట్ కింద, కేసు అడుగుని పట్టుకునే షెల్ హోల్డర్ గాడిలో ఏముందో చూడు. చాలాసార్లు దొరికేవి పౌడర్ పలుకులు. ప్రెస్ మీదే పౌడర్ పోస్తూ టరెట్‌ని ఝాడించి తిప్పితే అవి ఒలికిపోతాయి. ప్రైమర్లు లోపలికి పోవడం లేదన్నావే, దానికీ ఇదే కారణం కావచ్చు. షెల్ హోల్డర్ ఒక పక్కకి లేచి ఉంటే ప్రైమర్ వంకరగానే ఎక్కుతుంది.

సైజింగ్ డైని ఖాళీ ప్రెస్‌లో సెట్ చేశావా? చాలామంది అంతే చేస్తారు. లూబ్ (జారుడు కోసం పూసే నూనె) పూసిన కేసు లోపల ఉండగా, బలం పడినప్పుడు డైకి, షెల్ హోల్డర్‌కి మధ్య వెలుతురు కనిపిస్తే కేసు భుజం, అంటే మెడ కింద వాలుగా ఉండే భాగం, తగినంత వెనక్కి పోలేదన్నమాట. తూటా రైఫిల్ ఛాంబర్లో (తూటా కూర్చునే గదిలో) బిగుసుకునేది అప్పుడే. అలాగని కసిగా బిగించకు. నీది చేత్తో బోల్టు లాగే బోల్ట్ యాక్షన్, నీ రైఫిల్లోనే పేలిన కేసుకి భుజం అంగుళంలో వెయ్యో వంతు, రెండు వంతులు వెనక్కి జరిగితే చాలు. ఎక్కువ జరిపితే కేసు ప్రతి కాల్పులోనూ సాగి, అడుగు దగ్గర సన్నబడి, ఒకరోజు రెండు ముక్కలవుతుంది. అడుగుకి కొంచెం పైన మెరిసే గీత కనిపిస్తే, కొన వంచిన పేపర్ క్లిప్పుతో లోపల గీకి చూడు. గాడి తగిలితే ఆ కేసు చెత్తబుట్టలోకి.

కేసు డైలో ఇరుక్కుపోయిందంటే లూబ్ తక్కువైంది. భుజం మీద సొట్టలు పడితే లూబ్ ఎక్కువైంది, లేదా డైలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. లివర్ దించేటప్పుడు మామూలు కన్నా బరువు తగిలితే ఆపెయ్, వెనక్కి తీసి చూడు. ఇరుక్కున్నదాన్ని సుత్తితో కొట్టి తీయాలని మాత్రం చూడకు. బజారులో దానికి కిట్ దొరుకుతుంది.

తూటాల పొడవులు తేడా వస్తున్నాయని టెన్షన్ పడ్డావు. నువ్వు వాడేవి సీసం కొన బయటికి కనిపించే బుల్లెట్లు, వాటి కొనలే ఒకటికి ఒకటి సమానంగా ఉండవు. కొన నుంచి కాక వంపు దగ్గర నుంచి కొలిచే కంపారేటర్ క్యాలిపర్‌కి తగిలించి చూడు, తేడా చాలావరకు మాయమవుతుంది. భుజం దగ్గర ఉబ్బిన తూటాల సంగతి వేరు. అక్కడ క్రింప్, అంటే కేసు మూతిని బుల్లెట్ మీదికి నొక్కి బిగించడం, ఎక్కువైంది. కేసులన్నీ 2.484 అంగుళాల పొడవుకి కోసి సమానం (ట్రిమ్) చేయకుండా క్రింప్ డై ముట్టుకోకు.

పౌడర్ దగ్గర మాత్రం నేను చాదస్తుణ్ణే. పొడుగు పలుకుల పౌడర్ కొలత గొట్టంలో అడ్డంపడి ఒకదాంట్లో తక్కువ, తర్వాతిదాంట్లో ఎక్కువ పడుతుంది. అందుకని ప్రెస్ మీద పోయకు. విడిగా త్రాసులో తూచి పోసి, కేసులన్నీ చెక్క దిమ్మెలో నిలబెట్టి టార్చి వేసి లోపలికి చూడు. బెంచీ మీద ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. ఎంత పోయాలో నన్ను అడగవద్దు, నీ బుల్లెట్ కంపెనీ లోడ్ పుస్తకంలో చూసి, అన్నిటికన్నా తక్కువ అంకె దగ్గర మొదలుపెట్టు. ప్రైమర్ కేసు అడుగు కన్నా ఒక వెంట్రుక లోపలికి ఉందో లేదో వేలితో తడిమి చూడు. పౌడర్ పోశాక పైకి కనిపించిన ప్రైమర్ని లోపలికి నొక్కే ప్రయత్నం ఎప్పుడూ చేయవద్దు. కళ్లద్దాలు పెట్టుకున్నావా లేదా అని మీ అత్త పక్కనుంచి అడుగుతోంది.

ఉగాదికి వస్తానన్నావు కదా. టెక్సస్‌లో నీకిది ఆదివారం కాలక్షేపం. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. రేంజికి తీసుకెళ్లే బ్యాగు ఇంట్లోనే వదిలి, బట్టలకి వేరే బ్యాగు తీసుకో. బయలుదేరే ముందు జాకెట్ జేబులన్నీ తిరగేసి చూడు. ఒక్క తూటా మర్చిపోయినా బెంగళూరు విమానాశ్రయంలో స్టేషన్ దాకా పోతుంది వ్యవహారం, నేను ఇక్కడి నుంచి లాయర్ని వెంటబెట్టుకుని రావాల్సి ఉంటుంది.

కడ్డీ తీసేశాక సైజ్ చేసిన పది కేసుల కొలతలు రాసి పంపు.

నీ మామ