అందరికీ ఒకే సేఫ్టీ క్లాసు పనికొస్తుందా?

కాంట్రాక్టు కార్మికులకీ, ఇంజినీర్లకీ, ఆఫీసు స్టాఫ్‌కీ ఒకే పీపీటీతో ఫైర్ సేఫ్టీ చెప్పమంటున్నారని రాశారు. కుదరదండీ. నేను విశాఖలో, ఎక్కువగా గాజువాక, పరవాడ వైపు ఫ్యాక్టరీల్లో ఇదే పని చేస్తున్నాను. చాలామంది వినేవాళ్ల చదువును బట్టి క్లాసు మారుస్తారు. నేను మాత్రం ప్రమాదం వేళ వాళ్లకి ఏ పని పడుతుందో చూస్తాను.

కార్మికులకు ప్రొజెక్టర్ వద్దు. నైట్ షిఫ్టు దిగినవాళ్లని ఏసీ గదిలో కూర్చోబెట్టి లైట్లు ఆర్పితే నిద్ర రాదా మరి! పర్మిషన్ తీసుకుని ఆరుబయట ట్రేలో మంట పెట్టించండి, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబెట్టి మంటలార్పే సిలిండర్ చేతికివ్వండి. కంగారులో హ్యాండిల్ గట్టిగా నొక్కేసి పిన్ను లాగుతారు. నొక్కి పట్టుకుంటే పిన్ను బిగుసుకుపోతుంది, రాదు. ఆ సంగతి వేళ్లకి తెలియాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అయితే మూతి గొట్టం పట్టుకోవద్దని చూపించండి. ఆ చలికి చర్మం కాలినట్టే అవుతుంది. ఒడిశా, బీహార్ వాళ్లుంటే వాళ్ల భాషలోనే తిరిగి చెప్పించండి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో వాడిన 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' పద్ధతీ ఇదే: సిద్ధం చేయడం, చూపించడం, చేయించడం, తర్వాత వెళ్లి చూసుకోవడం. మనవాళ్లు ఎగ్గొట్టేది ఆ నాలుగోదాన్నే.

పాతకాపులకు పాఠం చెప్పబోతే లోలోపల నవ్వుకుంటారు. "మేస్త్రీ గారూ, మీ సెక్షన్లో నిప్పంటుకుంటే ముందు ఏ వాల్వు కట్టేస్తారు?" అని అడిగి పక్కకి తప్పుకోండి. ఇద్దరు మేస్త్రీలు వాదులాడుకుంటే క్లాసు దానంతటదే నడుస్తుంది.

ఇంజినీర్లకు ఒక కేసు ఇవ్వండి. మన ఊళ్లోనే 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో జరిగిన స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) లీకు ఉంది. ట్యాంకులో వేడి ఎలా పెరిగింది, ఊరిని హెచ్చరించే సైరన్ ఎందుకు మోగలేదు, ఆ రాత్రి డ్యూటీలో మీరుంటే ఏం చేసేవారు? ఇక్కడ చర్చకు గంట కూడా చాలదు.

ఆఫీసు వాళ్లకి అరగంట చాలు. రెండో మెట్ల దారిలో దింపి అసెంబ్లీ పాయింట్ (అందరూ బయట చేరాల్సిన చోటు) దాకా నడిపించండి, ఫైర్ నంబరు 101 గుర్తుచేయండి.

పీపీటీ ఉండాల్సిందేనని మేనేజ్‌మెంట్ పట్టుబడితే పది స్లైడ్లు ఫైల్లో పెట్టేయండి. బయట చేయించినదానికి ఫోటోలు, అటెండెన్స్ సంతకాలు ఉంటే ఆడిట్‌కి మీరు టెన్షన్ పడక్కర్లేదు.