ఫిర్యాదు రాసుకునే చేతికి ఏ చదువు ఉండాలి?

ప్రశ్న: మా వీధిలో ఒకామె భర్త కొట్టే దెబ్బలు భరించలేక పోలీసు స్టేషనుకు వెళ్తుంటే తోడుగా నేనూ వెళ్ళాను. అక్కడ ఫిర్యాదులు రాసుకునే రైటరు గారు కాగితం తీసుకోకుండానే ‘సంసారంలో ఇవి మామూలేనమ్మా, రేపు ఆయన్ను పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తాం’ అన్నారు. మూడు వారాలు గడిచినా ఆ ‘రేపు’ రాలేదు. ఆయన దురుసుగా మాట్లాడలేదు, కూర్చోబెట్టి మంచినీళ్ళు కూడా ఇప్పించారు. అందుకే అడుగుతున్నాను. ఇలాంటి విషయాల్లో పోలీసులకు శిక్షణంటూ ఉంటుందా? ఇంత చదివితేనే ఈ పని చేయాలనే నియమం ఏదైనా ఉందా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: రైటరు గారు మంచివారే అయి ఉండవచ్చునన్న మీ మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ సమస్యలో దుర్మార్గుల కంటే తెలియనివారి పాత్రే ఎక్కువ. ఆయన ‘రేపు’ అన్న మాటకు చట్టం ఒక గడువు పెట్టింది. భర్త క్రూరత్వానికి, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు శిక్ష పడుతుంది. మూడేళ్ళు, ఆపైన ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో, ఎఫ్ఐఆర్ కట్టే ముందు ప్రాథమిక విచారణ చేయడానికి పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ అవకాశమిస్తుంది. అయితే అందుకు డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి కావాలి, ఆ విచారణ 14 రోజుల్లో ముగియాలి. కాగితం తీసుకోకుండా, అనుమతి లేకుండా, గడువు లేకుండా సాగే కౌన్సెలింగుకు ఈ చట్టంలో చోటు లేదు. పైగా గృహహింస నిరోధక చట్టం, 2005లోని 5వ సెక్షన్ ప్రకారం, హింస జరిగిందని ఫిర్యాదు అందిన పోలీసు అధికారి, బాధితులకు సాయపడేందుకు ప్రభుత్వం నియమించే రక్షణాధికారి సేవల గురించి, ఉచిత న్యాయ సహాయం గురించి, క్రిమినల్ కేసు పెట్టుకునే హక్కు గురించి ఆమెకు చెప్పి తీరాలి. ఆ రోజు మీకు దొరికింది మంచినీళ్ళు మాత్రమే.

ఇక శిక్షణ సంగతి. మన రాష్ట్రంలో సివిల్ కానిస్టేబుల్ ఉద్యోగానికి ఇంటర్మీడియెట్, ఎస్సై ఉద్యోగానికి ఏదైనా ఒక డిగ్రీ ఉండాలి. పురుష అభ్యర్థి 1600 మీటర్ల దూరాన్ని 8 నిమిషాల్లో పరుగెత్తి చూపాలి. రాతపరీక్షలో అంకగణితం, రీజనింగ్, జనరల్ స్టడీస్ వంటివి ఉంటాయి. ఇంటర్వ్యూ లేదు. ఇంటర్వ్యూ లేకపోవడం వల్ల సిఫారసుకు దారి మూసుకుపోయింది కాబట్టి దానిని నేను తప్పుపట్టను, కానీ ఏడుస్తూ వచ్చిన మనిషి ఎదుట ఈ అభ్యర్థి ఎలా కూర్చుంటాడన్నది మాత్రం ఎవరూ ఎక్కడా చూడకుండానే ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ తరువాత కానిస్టేబులుకు దాదాపు తొమ్మిది నెలలు, ఎస్సైకి ఏడాది శిక్షణ ఉంటుంది. మన తిరుపతి పక్కనే కల్యాణి డ్యామ్ దగ్గరున్న పోలీసు శిక్షణ కళాశాల మీదుగా వెళ్ళినవారికి ఉదయపు పెరేడ్ అడుగుల చప్పుడు వినిపించే ఉంటుంది. చట్టాల పాఠాలు కూడా అక్కడే చెబుతారు. అయితే ఇరవై రెండేళ్ళ వయసులో ఒకసారి విన్న పాఠం ఇరవై ఏళ్ళ సర్వీసు తరువాత రైటరు బల్ల దగ్గర ఎంత మిగులుతుందన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న చట్టాలు చేసినవారికి తట్టకపోలేదు. గృహహింస చట్టంలోని 11వ సెక్షన్ పోలీసు అధికారులకు ఎప్పటికప్పుడు అవగాహన శిక్షణ ఇప్పించే బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం, 2012లోని 43వ సెక్షన్, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 30వ సెక్షన్ కూడా దాదాపు ఇదే మాట చెబుతాయి. మూడింటిలోనూ ‘ఎప్పటికప్పుడు’ అనే ఉంది, ఏడాదికి ఎన్ని రోజులో లేదు. శిక్షణ పొందనివారు ఆ పని చేపట్టకూడదని కూడా లేదు.

నా దృష్టిలో అసలు లోపం ఇక్కడే ఉంది. మన చట్టాలు ఇలాంటి పనులకు అర్హతను చాలావరకు హోదాతోనే కొలుస్తాయి. పోక్సో కేసులో పిల్లల వాంగ్మూలాన్ని, వీలైనంతవరకు, ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, పిల్లల ఇంటి దగ్గరో వారు కోరుకున్న చోటో తీసుకోవాలి. ఆమె ఎస్సై అయితే చాలు, పిల్లలతో మాట్లాడడం నేర్చుకున్నదా లేదా అన్న షరతు లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనలు, 1995లోని 7వ నిబంధన ఇంకాస్త ముందుకు వెళ్ళి, దర్యాప్తు అధికారి డీఎస్పీ హోదాకు తగ్గకూడదనడంతో పాటు, అతని పూర్వానుభవాన్ని, సమర్థతను, న్యాయదృష్టిని చూసి నియమించాలని కూడా చెప్పింది. ఆచరణలో మాత్రం ఆ సబ్ డివిజనుకు ఎవరు డీఎస్పీగా ఉంటే ఫైలు వారి బల్ల మీదికే వెళ్తుంది. భుజం మీద నక్షత్రం పెరిగినంత మాత్రాన, దళితవాడకు వెళ్ళే దారిని ఎందుకు మూశారో అర్థం చేసుకునే చూపు వచ్చేయదు కదా.

ఉన్నవాటిలో మెరుగైనది బాలల న్యాయ చట్టం, 2015. దాని 107వ సెక్షన్ ప్రకారం ప్రతి స్టేషనులోనూ ఏఎస్సై హోదాకు తగ్గని ఒక అధికారి బాలల సంక్షేమ పోలీసు అధికారిగా ఉండాలి, ఆ వ్యక్తికి ఆ పని మీద అభిరుచీ, తగిన శిక్షణా ఉండాలి. హోదా, అభిరుచి, శిక్షణ మూడింటినీ ఒకే వాక్యంలో అడిగిన చట్టం నాకు తెలిసినంతలో ఇదొక్కటే. మహిళల ఫిర్యాదులు అందుకునేవారికి కూడా ఇలాంటి వాక్యం ఒకటి రాసి ఉంటే మీ పొరుగామె ‘రేపు’ కోసం ఎదురుచూడవలసి వచ్చేది కాదు.

ప్రస్తుతానికి ఆమె చేయగలిగినది చెబుతాను. జరిగినదంతా తేదీలతో రాసి, స్టేషనులో తీసుకోలేదన్న సంగతి కూడా చేర్చి, జిల్లా ఎస్పీ పేరున రిజిస్టర్డ్ పోస్టులో పంపవచ్చు. 173వ సెక్షనులోని నాలుగో ఉపసెక్షన్ ఇచ్చిన దారి ఇది. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ఫిర్యాదుల వేదికలో నేరుగా కూడా ఇవ్వవచ్చు. మహిళా సహాయవాణి 181కి ఫోన్ చేస్తే బాధిత మహిళలకు సాయపడే సఖి కేంద్రానికి దారి చూపుతారు, న్యాయ సేవల సంస్థ నంబరు 15100. శిక్షణ విషయంలో మీకు ఆసక్తి ఉంటే, గత మూడేళ్ళలో మీ స్టేషను సిబ్బందిలో ఎందరికి గృహహింస చట్టంపై ఎన్ని రోజులు శిక్షణ ఇచ్చారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. ఇలాంటి అర్జీలు నాలుగు వెళ్తే శిక్షణ రిజిస్టరు మీద దుమ్ము దానంతటదే రాలుతుంది.

ప్రశ్న: నేను చిత్తూరులో ఎం.ఎస్.డబ్ల్యు. చదువుతున్నాను. పోలీసు ఎంపికలో సోషల్ వర్క్ చదివినవారికి ప్రాధాన్యం ఉందా?
— ఒక విద్యార్థి

జవాబు: లేదు. ఎస్సై పరీక్షకు మీ డిగ్రీ మిగతా డిగ్రీల్లో ఒకటి, అంతే. మీ చదువుకు చట్టం పేరుపెట్టి పిలిచి కుర్చీ వేసిన చోటు మాత్రం ఒకటుంది. బాలల న్యాయ చట్టం ప్రకారం డీఎస్పీ ఆధ్వర్యంలో ప్రతి జిల్లాలో ఉండవలసిన ప్రత్యేక బాల పోలీసు యూనిట్లో బాలల సంక్షేమంలో అనుభవమున్న ఇద్దరు సామాజిక కార్యకర్తలు సభ్యులుగా ఉండాలి, వారిలో ఒకరు మహిళ కావాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోనూ, సఖి కేంద్రాల్లోనూ వెలువడే కాంట్రాక్టు ఉద్యోగాల ప్రకటనలను గమనిస్తూ ఉండండి. ఖాకీయే కావాలనిపిస్తే ఇప్పటి నుంచే పరుగు మొదలుపెట్టండి.

ప్రశ్న: నేను హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యాను. అందరూ శిక్షణ లేదని మమ్మల్నే తప్పుపడతారు. క్లాసుకు రమ్మని మెమో వచ్చిన ప్రతిసారీ బ్రహ్మోత్సవాలో, వైకుంఠ ఏకాదశో, గంగజాతరో, వీఐపీ దర్శనమో ఉండేది. బందోబస్తులో నిలబడినవాడు పాఠం ఎప్పుడు వింటాడు?
— చంద్రగిరి

జవాబు: మీరు చెప్పినది నూటికి నూరుపాళ్ళూ ఒప్పుకుంటాను. ఇది మన ఊళ్ళకున్న ప్రత్యేకమైన కష్టం. మిగతా జిల్లాల్లో బందోబస్తు అప్పుడప్పుడు వచ్చే పని, తిరుపతిలో అది నిత్యకృత్యం. పోలీసు శిక్షణను పరిశీలించడానికి కేంద్రం 1971లో నియమించిన కమిటీకి సామాజిక శాస్త్రవేత్త ఆచార్య ఎం.ఎస్. గోరే అధ్యక్షత వహించారు. ఆ కమిటీ 1973లో నివేదిక ఇచ్చింది. పోలీసు శిక్షణను పరిశీలించే పని సమాజాన్ని చదివినవారి చేతిలో పెట్టాలన్న ఆలోచన యాభై ఏళ్ళ కిందటే ఉంది, లేనిదల్లా మీలాంటివారిని రెండు రోజులు వరస నుంచి తప్పించే ఏర్పాటు.

అయితే శిక్షణ మీ పనిని పెంచేదే కాదు, కొన్నిచోట్ల తగ్గించేది కూడా. రైల్వే స్టేషను దగ్గరా, అలిపిరి దగ్గరా మతిస్థిమితం తప్పి, ఊరూ పేరూ చెప్పలేక తిరిగేవారిని మీరు ఎందరినో చూసి ఉంటారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 100వ సెక్షన్ ప్రకారం అలాంటి వ్యక్తిని రక్షణలోకి తీసుకుని, కారణం చెప్పి, 24 గంటలు దాటకుండా దగ్గరలోని ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. లాకప్పులో ఉంచకూడదు. ఈ సెక్షన్ తెలిసిన కానిస్టేబుల్ ఆ మనిషిని నేరుగా రుయా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళి, జనరల్ డైరీలో రాసి, తన డ్యూటీకి తాను తిరిగి వెళ్తాడు. తెలియనివాడు రాత్రంతా స్టేషనులో కూర్చోబెట్టి, తెల్లవారాక ఏం చేయాలో తోచక తానూ ఇబ్బంది పడతాడు.

ఇంకొకటి, కొంత సున్నితమైనది. చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే నేరస్థ తెగల చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించారు. ఎరుకల వంటి కులాల్లో పుట్టడమే అనుమానానికి చాలనుకున్న ఆ చట్టం 1952లో రద్దయింది. కానీ ఊళ్ళో దొంగతనం జరిగితే ముందు ఏ పేటకు జీపు వెళ్ళేదో మీ సర్వీసులో మీరు చూసే ఉంటారు. ఇది ఏ సిలబస్ పుస్తకమూ నేర్పదు, పాతవారి నుంచి కొత్తవారికి నోటిమాటగా అందుతుంది. దానిని సరిచేసే పాఠం కూడా తోటి ఉద్యోగి నోటి నుంచి వస్తేనే కుర్రవాళ్ళు వింటారు. డిపార్టుమెంటు వారు పిలిస్తే కల్యాణి డ్యామ్ కళాశాలలో ఒక పూట మాట్లాడడానికి మీరు సిద్ధమేనా? సిద్ధమైతే ఆ మాట ఎస్పీ గారికి ఒక కార్డు ముక్క మీద రాయండి. ఈసారి బందోబస్తు డ్యూటీ మీకు ఎలాగూ పడదు.