ఉలి పడకముందే చూపించనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి ఒక పెద్ద విద్యాసంస్థలో కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ రెండో ఏడు చేస్తోంది. కోడ్‌లో ఏ మార్పూ లేకపోయినా ఒకసారి నెగ్గి, ఇంకోసారి తప్పే సాఫ్ట్‌వేర్ పరీక్షల మీద పరిశోధన. ఫలితాలు ఇంకా పూర్తిగా రాలేదు. అయినా ఫిబ్రవరిలో జరిగే ఐసెక్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సదస్సులో, పరిశోధక విద్యార్థుల సింపోజియంలో సమర్పిస్తానంటోంది. సగం పనిని పదిమందిలో పెడితే నవ్వరా? ఆలోచనను ఎవరైనా కాజేయరా? పూర్తి పత్రం అయ్యేదాకా ఆగడం మంచిదా, ఇప్పుడే వెళ్లడం మంచిదా? అందరూ ఏఐ మీద చేస్తుంటే తను ఈ అంశం పట్టుకుంది, మార్చుకోమనాలా? పెళ్లి సంగతీ తేల్చడం లేదు.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, ఇక్కడ కుదించి వేశాం కానీ మీ ఉత్తరంలో ‘నవ్వుతారు’ అన్న మాట మూడుసార్లు వచ్చింది. అమ్మాయి ఏమంటోందో ఒక్కసారి కూడా లేదు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. శ్రీకాకుళం నుంచి, రాజాం నుంచి ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పదో తరగతి నుంచి ఎంటెక్ దాకా పిల్లల చదువును మార్కుల్లో చూసుకున్నాం. పీహెచ్‌డీలో చూసుకోవడానికి ఆ జాబితా ఉండదు. ఏం జరుగుతోందో తెలియదు, చుట్టాలు అడిగితే చెప్పడానికి అంకె లేదు. భయం అక్కడ పుడుతుంది. దానికి మనం పెట్టుకునే పేరు ‘పిల్ల పరువు’.

మీ ఊరి వీణనే తీసుకోండి. ఒకే పనస మొద్దును తొలిచి చేస్తారు, అతుకు ఉండదు. చెక్క మీద గీత గీసినప్పుడే పెద్ద చేయి ఒకటి చూసి ‘ఇక్కడ లోతెక్కువైంది’ అంటే పోయేది గీత మాత్రమే. తొలిచాక అంటే మొద్దే పోతుంది. మీ అమ్మాయి వెళ్తానంటున్నది గీత చూపించడానికి.

సింపోజియంలో జరిగేదీ అదే. విద్యార్థి తన ప్రశ్న ఏమిటో, ఇప్పటిదాకా ఏం చేసిందో, మిగిలిన కాలంలో ఏం చేయబోతోందో కొద్ది పేజీల్లో రాసి పంపుతుంది. ఎన్నికైతే కాసేపు మాట్లాడుతుంది. ఆ తర్వాత ఆ రంగంలో పండినవాళ్లు ప్రశ్నలు వేస్తారు. థీసిస్ దిశ తేలి, దిద్దుకోవడానికి ఇంకా వ్యవధి ఉన్నవాళ్ల కోసం పెట్టిన వేదిక అది. మీరు లోపమనుకుంటున్న ‘సగం పని’ అక్కడ అర్హత. ఐసెక్ ఊరూపేరూ లేనిది కాదు, 2008లో హైదరాబాద్‌లో మొదలైంది. ఇదే రంగంలో ప్రపంచ స్థాయిలో పెద్దదైన అంతర్జాతీయ సదస్సు ఐసీఎస్‌ఈ కూడా 2014లో హైదరాబాద్‌కు వచ్చింది, అందులోనూ ఇలాంటి సింపోజియం ఉంటుంది. పంపిన మూడో రోజే అంగీకార పత్రం ఇచ్చి ఫీజు కట్టమనే ‘అంతర్జాతీయ సదస్సు’లైతే వద్దని నేనే చెప్పేవాణ్ని.

దాచుకుని నష్టపోయిన అబ్బాయి ఒకడు నాకు తెలుసు. నాలుగో ఏడు దాకా గైడుకు తప్ప ఎవరికీ చూపించలేదు. తీరా ఒక సమీక్షలో ఎవరో అడిగారు: ‘నీ డేటా అంతా విద్యార్థుల ప్రాజెక్టుల కోడ్ కదా, పరిశ్రమలో నడిచే కోడ్‌కు ఇది వర్తిస్తుందా?’ ఆ ఒక్క ప్రశ్నకు ఏడాది పోయింది. రెండో ఏట అడిగి ఉంటే రెండు వారాల పని.

కాజేయడం సంగతి. ఆమె పేరుతో, తేదీతో ఒక పత్రం నమోదైతే ఆలోచన ఆమెదనడానికి అదే సాక్ష్యం. బీరువాలో దాచినదానికి సాక్ష్యం ఎవరు?

ఆగాలా, వెళ్లాలా అని పోల్చి చెప్పమన్నారు. పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు. సదస్సు ప్రధాన విభాగంలో పూర్తయిన పనిని తూకం వేస్తారు, పోటీ గట్టిగా ఉంటుంది. సింపోజియంలో ప్రణాళికను చూస్తారు, దాన్ని పూర్తి పత్రంగా ఎవరూ లెక్కపెట్టరు. ఇది చేస్తే అది పోదు. పైగా థీసిస్ ఇచ్చేముందు పత్రం ప్రచురించి తీరాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. సొంత నియమం ఉందేమో అమ్మాయి తన సంస్థలో కనుక్కుంటే చాలు.

ఇక ఏఐ. నా అనుమానాలు దాచుకోను. కోడ్ రాసే ఏఐ మీద థీసిస్ చేస్తామంటూ వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది ఇది: ఈ రోజు నువ్వు కొలిచిన మోడల్‌ను కంపెనీ వచ్చే ఏడు తీసేస్తే నీ అధ్యాయం ఏమవుతుంది? చాలామంది దగ్గర జవాబు ఉండదు. నెలల్లో మారిపోయే సరుకు మీద ఐదేళ్ల చదువు కడుతున్నారు. ఇంకో చిక్కు. ఆ మోడళ్లు అంతర్జాలంలోని కోడ్‌ను మింగి పెరిగినవి. మనం పరీక్షకు పెట్టే లెక్క అప్పటికే అందులో ఉంటే, వచ్చిన జవాబు తెలివో కంఠస్థమో ఎలా తేలుతుంది? పేపరు లీకైన పరీక్షలో వచ్చిన ఫస్టు ర్యాంకును మీరు ఒప్పుకునేవారా మాస్టారూ? ఈ రెండింటికీ జవాబు వెతికేవాళ్లు మంచి పని చేస్తున్నారు, కాదనను. మిగతావాళ్లు గుంపులో నడుస్తున్నారు.

మీ అమ్మాయి అంశానికి ఆ బెడద తక్కువ. సర్వర్ జవాబు రాకముందే పరీక్ష ముందుకు పోవడం, ఒక పరీక్ష వదిలిన డేటా తర్వాతిదానికి అడ్డు తగలడం, ఇవి ఏళ్లుగా ఇంజినీర్లను తినేస్తున్న చిక్కులు. ఏఐ రాసిన కోడ్‌నైనా పరీక్షించాలి కదా. ఆ పరీక్షకే నిలకడ లేకపోతే? అంశం మార్చుకోమని చెప్పకండి. అది మీ పనీ కాదు, నా పనీ కాదు.

ఖర్చు గురించి రాయలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. విద్యార్థులకు నమోదు రుసుము సాధారణంగా తక్కువ, ప్రయాణానికి సంస్థ సాయం అడగవచ్చు.

పెళ్లి సంగతి. పీహెచ్‌డీ ముగిసేదాకా పెళ్లి ఆగాలని ఏ నియమమూ లేదు. అవే 2022 నిబంధనలు పరిశోధక విద్యార్థినులకు 240 రోజుల దాకా ప్రసూతి సెలవు ఇవ్వవచ్చన్నాయి, గడువులో రెండేళ్ల అదనపు సడలింపూ ఉంది. తేల్చనిది ఆమె కాదేమో, మీరు అడిగే వేళ సరైనది కాదేమో. ముప్పై ఏళ్లు పిల్లలను ‘తప్పైనా ఫర్వాలేదు, లేచి చెప్పు’ అని ఉంటారు. సొంత బిడ్డ లేచి చెబుతానంటే కూర్చోమంటున్నారు.

దసరాకు ఇంటికి వస్తుందని రాశారు. విజయనగరంలో సిరిమాను ఉత్సవం చూసి వచ్చిన సాయంత్రం, ఆ పేజీలు తెలుగులో చెప్పమనండి. అర్థం కాని చోట ఆపి అడగండి. ఎక్కడ తడబడిందో మీకు ఇట్టే తెలిసిపోతుంది, అక్కడ పెన్సిలుతో ఒక గీత పెట్టుకోమనండి. ఆ పూట పెళ్లి మాట ఎత్తవద్దు.