పక్క చేలో కంది పూసింది, మా చేలో మొగ్గే లేదు. విత్తనం నకిలీదా?

జూన్ నెలాఖరులో ఇద్దరూ ఒకే వారంలో విత్తారు. పక్కవారి చేను అక్టోబరు మొదట్లోనే పూతకు వచ్చింది, మీరు వేసిన ఎల్.ఆర్.జి 41 రకం మాత్రం ఇంకా కొమ్మలే వేస్తోంది. ఇదీ మీ బాధ. విత్తనం నకిలీదని అప్పుడే అనుకోకండి. ముందు పక్కవారు వేసిన రకమేమిటో కనుక్కోండి.

దర్శి దగ్గర మాకు ఎర్ర నేలా ఉంది, నల్లరేగడీ ఉంది. ఎర్ర నేలలో వేసే పాలెం పరిశోధన కేంద్రం వారి పి.ఆర్.జి 176 రకం దాదాపు 135 రోజుల్లో కోతకు వస్తుంది. రేగడిలో వేసే లాం పరిశోధన కేంద్రం వారి ఎల్.ఆర్.జి 41కి ఆరు నెలలు పడుతుంది. కోతలో అంత తేడా ఉన్నప్పుడు పూతలోనూ నెల తేడా రావడం సహజమే.

పైగా ఇలాంటి దీర్ఘకాలపు కందికి పూత రావాలంటే పగటి పొద్దు తగ్గాలి. మన వైపు జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరులో 11 గంటల పైచిలుకు. ఆ కాస్త తేడానే మొక్క పసిగడుతుంది. గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1920లో ఈ సంగతిని ప్రకటించింది మనకు బాగా తెలిసిన పొగాకు మీద చేసిన పరిశీలనలతోనే. నేను కళ్లారా చూసింది కూడా ఉంది. తొలకరికి వేసిన 41 నా తల దాటి పెరిగి గాని పూయలేదు. అదే విత్తనం సెప్టెంబరు చివర్లో వేస్తే నడుము ఎత్తుకే పూసేసింది. రబీ కందికి సాళ్లు దగ్గరగా పెట్టమనేది అందుకే.

అయితే ఒక్కటి మాత్రం తప్పకుండా చూడండి. పూయని మొక్క కొమ్మ వంచి చివరి ఆకులు పరిశీలించండి. ఆకులు ముదురాకుపచ్చగా, మామూలు సైజులో ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. చిన్నవై, లేతాకుపచ్చ మచ్చలతో గుబురుగా ఉంటే అది వెర్రి తెగులు. మొక్కల మీద ఉండే నల్లి అనే సూక్ష్మ పురుగు వల్ల వ్యాపిస్తుంది. ఆ మొక్క ఇక పూయదు, పీకి పారేయాల్సిందే. దాన్ని ఉంచుకుంటే పక్క మొక్కలకూ అంటుతుంది.

చేలో అక్కడొకటి ఇక్కడొకటి ముందే పూస్తే మాత్రం విత్తనం కల్తీ అయి ఉండవచ్చు. కందిలో తేనెటీగల వల్ల పరపరాగ సంపర్కం, అంటే ఒక మొక్క పుప్పొడి మరో మొక్క పువ్వుకు చేరడం, బాగానే జరుగుతుంది. పక్కపక్కనే రెండు రకాలున్న చేలోంచి విత్తనం దాచుకుంటే ఇలాగే అవుతుంది. నేను ఇంటి విత్తనాన్ని చేను నడిమధ్య నుంచే తీస్తాను, అది కూడా వరుసగా ఏళ్ల తరబడి వాడను.

పూత త్వరగా రావాలని ఇప్పుడు యూరియా చల్లకండి, ఆకే పెరుగుతుంది. విత్తన సంచి, బిల్లు భద్రంగా ఉంచండి. నవంబరు రెండో వారానికీ మొగ్గ కనిపించకపోతే వాటితో వ్యవసాయాధికారిని చేనుకు పిలవండి. మొగ్గ తొడిగితే మబ్బు పట్టిన రోజుల్లో పొద్దున్నే చేలోకి వెళ్లండి. మొగ్గలూ ఆకులూ కలిసి గూడు కట్టినట్టు కనిపిస్తే లోపల మరుకా మచ్చల పురుగు ఉన్నట్టే. గూళ్లు పెరగకముందే మందు కొట్టాలి.