ముందు ఒక్కొక్కళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకో

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఏడో తరగతిలో ఏ సెక్షన్‌కి ఇంగ్లిష్ చెబుతావని స్కూల్లో అడిగితే, ఇంగ్లిష్‌లో వెనకబడ్డ పిల్లలు ఎక్కువగా ఉన్న సెక్షనే ఇమ్మని నువ్వే అడిగావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. గర్వంగా అనిపించింది. ఆ వెనకే భయమూ వేసింది. 31 ఏళ్ళు అదే పని చేసినదాన్ని, ఎక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు.

నువ్వు పంపిన లెసన్ ప్లాన్ రెండుసార్లు చదివాను. చాలా శ్రద్ధగా రాశావు. కానీ 45 నిమిషాల పీరియడ్‌లో తొమ్మిది పనులు పెట్టావు తల్లీ! హాజరు, నోట్‌బుక్కులు తీయించడం, గోల సద్దుమణగడం, వీటికే ఏడెనిమిది నిమిషాలు పోతాయి. మూడు పనులు పెట్టుకో. నాలుగోది సిద్ధంగా ఉంచుకో, టైమ్ మిగిలితే చేయిద్దువు గాని. తొమ్మిదీ పూర్తి చేయాలన్న టెన్షన్‌లో పడితే నీ కళ్ళు గడియారం మీదే ఉంటాయి, పిల్లల మొహాలు చూడవు.

ఇంకో మాట. ప్లాన్ పైన ‘సింపుల్ ప్రెజెంట్ టెన్స్’ అని రాశావు. అది నువ్వు చెప్పబోయేది. పిల్లలు ఏం చేయగలగాలో రాయి. ‘బెల్ కొట్టేసరికి ప్రతి ఒక్కరూ తమ ఫ్రెండ్ రోజూ ఏమేం చేస్తాడో మూడు వాక్యాల్లో చెప్పాలి’ అని రాసుకున్నావనుకో, ఏ పని ఉంచాలో, ఏది తీసేయాలో దానంతట అదే తెలిసిపోతుంది.

బోర్డు మీద పెద్ద అక్షరాలు రాయి, చివరి బెంచీ దాకా వెళ్ళి ఒకసారి చూసుకో. కార్డులూ బొమ్మలూ ముందు రోజే సర్దుకో. ఇవన్నీ నీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు, నేను మళ్ళీ చెప్పక్కర్లేదు.

ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పనిది ఒకటుంది. దానికోసమే ఈ ఉత్తరం. ఇది నేను మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. మూడో బెంచీలో కిటికీ పక్కన ఒక అబ్బాయి కూర్చునేవాడు. క్లాసు మొత్తంలో అంత అందమైన నోట్‌బుక్ ఇంకొకటి లేదు. మార్జిన్ స్కేలు పెట్టి గీసేవాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. బోర్డు మీద నేను ఎక్కడ గీత గీస్తే అక్కడే గీసేవాడు. అల్లరి చేసేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు. నేను వారం వారం ఆ నోట్‌బుక్‌లో ‘వెరీ గుడ్’ అని రాసి సంతకం పెట్టేదాన్ని. పరీక్షల్లో మాత్రం వాడికి మార్కులు వచ్చేవి కావు. ఇంత చక్కగా రాసేవాడికి చదవడానికి ఏం బద్ధకం అని వాణ్ణే తిట్టేదాన్ని. వాడు తల వంచుకుని వినేవాడు.

ఒక రోజు జంతువుల మీద పాఠం. బోర్డు మీద అయిదు వాక్యాలు రాశాను. పక్కన ఏదో చెరుపుతుంటే డస్టర్ తగిలి, ‘ఎలిఫెంట్’ అనే మాట మధ్యలో పి, హెచ్ రెండూ చెరిగిపోయాయి. నేను చూసుకోలేదు. సాయంత్రం నోట్‌బుక్కులు దిద్దుతుంటే దాదాపు అందరూ ఆ మాట పూర్తిగానే రాశారు. కొందరు పి, హెచ్ బదులు ఎఫ్ రాశారు. వీడి నోట్‌బుక్ తెరిచాను. ఈ, ఎల్, ఈ. తర్వాత సరిగ్గా రెండు అక్షరాలు పట్టేంత ఖాళీ. తర్వాత ఏ, ఎన్, టి.

చాలాసేపు ఆ ఖాళీ వైపే చూస్తూ కూర్చున్నాను. ఎఫ్ అని తప్పు రాసిన పిల్లలు ఆ మాట విన్నారు, లోపల పలుక్కున్నారు, వినిపించినట్టు రాశారు. బోర్డు మీదున్నది ఉన్నట్టు దించినవాడు ఒక్క అక్షరమూ చదవలేదు. ఏడు నెలలుగా వాడు బొమ్మలు గీస్తున్నాడు. నేను ఆ బొమ్మలకి ‘వెరీ గుడ్’లు పెడుతున్నాను.

ఇది తెలిశాక చేసిన పని అంతకన్నా పెద్ద తప్పు. సాయం చేయాలన్న ఆత్రంతోనే చేశాను, ఒట్టు. మర్నాడు క్లాసులోకి వెళ్ళగానే వాణ్ణి లేపి, నిన్న రాసింది చదవమన్నాను. నిలబడ్డాడు. నోట్‌బుక్ తెరిచి మాట కింద వేలు పెట్టాడు. ఆ వేలు మెల్లగా జరిగి ఖాళీ దగ్గర ఆగింది. చెవులు ఎర్రబడిపోయాయి. వెనకనుంచి ఎవరో నవ్వారు, ఆ తర్వాత క్లాసంతా నవ్వింది. మూడు రోజులు స్కూలుకి రాలేదు. వచ్చాక చివరి బెంచీకి మారిపోయాడు. చక్కటి చేతిరాత, అదీ పాడైపోయింది. ఇప్పటికీ నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ చేతిరాత సంగతే. వాడికున్న ఒక్క మంచి వస్తువునీ నా చేతులతో నేనే లాగేసుకున్నట్టు.

తర్వాత రోజూ స్కూలు అయ్యాక ఒక పావుగంట వాణ్ణి కూర్చోబెట్టుకున్నాను. అక్షరాల పేర్లు పక్కనపెట్టి వాటి ధ్వనులతో మొదలుపెట్టాను. ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరు ముందు. ఈ ఆరింటితోనే శాట్, పిన్, టాప్, సిట్, నాప్ లాంటి చిన్న మాటలు చాలా వస్తాయి, అందుకే చాలామంది వీటితో మొదలుపెడతారు. సంవత్సరం చివరికి ఒక చిన్న పేరా చదివాడు, నా ఒక్కదాని ముందు. క్లాసులో మాత్రం మళ్ళీ నోరు విప్పలేదు.

అందుకే చెబుతున్నాను, మొదటి వారం పాఠం ఎంత వెనకబడినా ఫర్వాలేదు. ప్రతి పిల్లనీ విడిగా నీ టేబుల్ పక్కన కూర్చోబెట్టుకో. మనిషికి రెండు నిమిషాలు. నీ క్లాసులో 38 మంది ఉన్నారన్నావు కదా, అంటే 76 నిమిషాలు. మిగతావాళ్ళకి బొమ్మ వేసి పేర్లు రాయడం లాంటి పని ఇచ్చి, రోజుకి పావుగంట తీస్తే అయిదారు రోజుల్లో అందరూ అయిపోతారు. వాళ్ళు ఎన్నడూ చూడని పది చిన్న మాటలు, ఒక వాక్యం చదివించు. టెక్స్ట్‌బుక్‌లోది వద్దు, అది కంఠతా వచ్చేసి ఉంటుంది. మెల్లగా, మీ ఇద్దరికే వినపడేలా. ఆ వారంలో ఎవర్నీ అందరి ముందూ లేపి చదివించకు. ఇందులో మాత్రం నా మాట వినాలి.

అలా కూర్చుంటే తెలుస్తుంది, మనం ‘వీక్’ అని ఒక్క మాట అనేస్తాం గానీ, ఒక్కొక్కళ్ళ ఇబ్బంది ఒక్కోటి. ఒకడికి అక్షరానికీ ధ్వనికీ ముడి పడదు. ఒకమ్మాయి గడగడా చదివేస్తుంది, ఒక్క మాటకీ అర్థం తెలియదు. ఇంకొకడికి నువ్వు చెప్పేదంతా అర్థమవుతుంది, నోటివెంట మాట రాదు. వీళ్ళందరికీ ఒకే మందు వేస్తే ఎవరికీ తగ్గదు.

తెలుగు బాగా చదివే పిల్లలే ఇంగ్లిష్‌లో చతికిలపడతారు కొన్నిసార్లు. నాకైతే దాంట్లో ఆశ్చర్యం లేదు. తెలుగులో ‘క’ ఎక్కడ రాసినా ‘క’నే. అక్షరం మాట తప్పదని నమ్మిన పిల్ల చేతికి, 26 అక్షరాలతో దాదాపు 44 ధ్వనులు పలికించే భాష ఇస్తున్నాం. సి అనే అక్షరం క్యాట్‌లో ఒకలా, సిటీలో ఒకలా. నీకు గుర్తుందో లేదో, రెండో తరగతిలో నువ్వు ‘నైఫ్’ని ‘క్నైఫ్’ అని చదివితే పిల్లలందరూ నవ్వారు. ఏడుస్తూ నా దగ్గరికొచ్చి, “పలకనప్పుడు ‘కె’ ఎందుకు రాశారు పెద్దమ్మా?” అని అడిగావు. ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. తర్వాత తెలుసుకున్నాను, ఒకప్పుడు ఆ ‘కె’ని పలికేవాళ్ళు. పలకడం మానేశారు, రాయడం మానలేదు. నీ క్లాసులో ఎవరైనా అలా చదివితే, ‘నువ్వు చదివింది న్యాయమే’ అని ముందు చెప్పి, తర్వాత దిద్దు.

ప్రశ్న అడిగాక ఆగడం నేర్చుకో. నీది చిన్నప్పటినుంచీ తొందర. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో క్లాసుల టేపులు విని లెక్కపెట్టింది. ప్రశ్న వేసి టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగేసరికి జవాబులు పొడవయ్యాయి, వెనకబడ్డ పిల్లలు కూడా మాట్లాడటం మొదలైంది. ఆవిడ చూసినవి సైన్స్ క్లాసులు. మన పిల్ల ప్రశ్నని తెలుగులోకి మార్చుకుని, జవాబు ఆలోచించి, దాన్ని మళ్ళీ ఇంగ్లిష్‌లో పేర్చుకోవాలి. మూడు కాదు, అయిదు లెక్కపెట్టు. ఆ నిశ్శబ్దం నీకు ఇబ్బందిగానే ఉంటుంది, ఓర్చుకో.

‘అర్థమైందా?’ అని అడగొద్దు. అవును అనే అంటారు. ఆ మూడో బెంచీ అబ్బాయీ ఏడు నెలలు తలే ఊపాడు. “ఇప్పుడు ముందు ఏం చేయాలి? ఎన్ని వాక్యాలు రాయాలి?” అని అడుగు. అవసరమైతే తెలుగులోనే అడుగు, తప్పేం లేదు. పని అర్థం కాక ఆగిపోయినవాడికి ఇంగ్లిష్ రాదని తీర్మానించడం అన్యాయం.

నీ ప్లాన్‌లో నేను ఒప్పుకోనివి రెండున్నాయి. వెనకబడ్డవాళ్ళకి వేరే సులువు పాఠం అన్నావు. వద్దు. పాఠం అందరికీ ఒకటే ఉండనీ, ఆసరా మార్చు. ఫ్రెండ్ దినచర్య మీద మూడు వాక్యాలే అనుకో. ఒకరికి ఖాళీలతో వాక్యాలు, కింద పెట్టెలో మాటలు ఇవ్వు. ఇంకొకరికి ప్రతి వాక్యానికీ మొదటి రెండు మాటలు ఇవ్వు. బాగా వచ్చినవాళ్ళని సొంతంగా రాయమను. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు పరిశోధకులు దీన్ని ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజాతో పోల్చారు. గోడ లేచిన కొద్దీ పరంజా విప్పుతారు కదా, అలాగే పెట్టెలో మాటలు ఈ వారం ఎనిమిది ఇస్తే వచ్చే వారం అయిదు ఇవ్వు. విప్పడం మర్చిపోతే ఆ పిల్ల ఎప్పటికీ ఖాళీలే నింపుతూ ఉంటుంది.

రెండోది, క్లాసులో ఫస్ట్ వచ్చే పిల్ల పక్కన అందరికన్నా వెనకబడ్డవాణ్ణి కూర్చోబెట్టడం. ఆ పిల్ల చకచకా రాసేస్తుంది, వీడు చూసి దించుతాడు. మళ్ళీ కాపీయే. వీడికన్నా ఒక్క మెట్టు పైనున్నవాణ్ణి పక్కన పెట్టు. ఇద్దరూ తడుముకుంటారు, ఇద్దరూ మాట్లాడతారు.

నోట్‌బుక్ నిండా ఎర్ర సిరా పెట్టకు. ‘షి గో’ అన్న పిల్లకి ‘గోస్’లో ఆ చివరి ‘ఎస్’ రావడానికి చాలా కాలం పడుతుంది. ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడే పసిపిల్లలకే అది ‘గోయింగ్’లోని ‘ఇంగ్’ కన్నా ఆలస్యంగా వస్తుందని, పిల్లలు భాష నేర్చుకునే తీరు మీద పరిశోధన చేసిన రోజర్ బ్రౌన్ 1973లోనే రాశాడు. ‘ఐ బుక్ రీడ్’ అంటే తెలుగు వాక్యం వరస ఇంగ్లిష్‌లోకి వచ్చిందని అర్థం. ఒక్కో నోట్‌బుక్‌లో ఒక్క రకం తప్పే దిద్దు. కింద ‘వెరీ గుడ్’ అని మాత్రం ఊరికే రాయకు. ఏది బాగుందో ఆ మాట కింద గీత గీసి రాయి. గీత గీయాలంటే నువ్వు చదివి తీరాలి కదా.

చాలా తిట్టినట్టున్నాను. ఏమీ అనుకోకు. నీకు ఓపిక ఉంది, నీ వయసప్పుడు నాకు లేనంత. ఆ సెక్షన్ కావాలని అడిగినప్పుడే నాకు తెలిసింది, క్నైఫ్ అని చదివి ఏడ్చిన పిల్లని నువ్వు మర్చిపోలేదని. గొంతు జాగ్రత్త, అరవకు, గోరువెచ్చటి నీళ్ళు దగ్గర పెట్టుకో.

మొదటి వారం అయ్యాక ఫోన్ చెయ్యి. పాఠం ఎంతవరకు వచ్చిందో చెప్పక్కర్లేదు. ఆ 38 మందిలో నీ పక్కన కూర్చుని కూడా నోరు తెరవని వాళ్ళెవరో, ముందు వాళ్ళ పేర్లు చెప్పు. రాసుకోవడానికి పుస్తకం పెట్టుకుని కూర్చుంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ