న్యాయ సలహాలు: పేరు కలిసిందని ఆపిన డబ్బు

ప్రశ్న: మా తమ్ముడు దుబాయిలో టైల్స్ పని చేస్తూ నెలనెలా నా ఖాతాకు డబ్బు పంపుతాడు. ఈసారి పంపింది ఇరవై రోజులైనా జమ కాలేదు. బ్యాంకులో అడిగితే, అతని పేరు ఏదో ఆంక్షల జాబితాలోని పేరుతో కలుస్తోందని, పైనుంచి మాట రావాలని అంటున్నారు. మా మీద ఎక్కడా కేసు లేదు. ఆ డబ్బు పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, కోరుట్ల

జవాబు: పోలేదు. అయితే దాన్ని విడిపించుకొనే దారి ఏ జాబితా వల్ల ఆగిందన్న దానిని బట్టి మారుతుంది గనుక, బ్యాంకును మీరు మొదట అడగవలసింది అదే.

ఆంక్షల జాబితా అంటే డబ్బు లావాదేవీలు జరపకూడదని ప్రకటించిన వ్యక్తుల, సంస్థల పట్టిక. మన దేశంలో చట్టబలం ఉన్నవి ఐక్యరాజ్య సమితి భద్రతామండలి జాబితాలు, చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, 1967 షెడ్యూళ్లలో కేంద్రం చేర్చిన పేర్లు. ఆ చట్టంలోని 51ఏ సెక్షన్ కింద ఖాతాలను స్తంభింపజేసే అధికారం కేంద్రానికి ఉంది. అమెరికా ఖజానా శాఖ, ఐరోపా సమాఖ్య, బ్రిటన్ ప్రకటించే జాబితాలు మనకు చట్టం కావు. అయినా డాలరు లావాదేవీలు న్యూయార్క్ బ్యాంకుల మీదుగా నడుస్తాయి. పైగా రష్యా సైనిక పరిశ్రమకు సంబంధించిన లావాదేవీలు జరిపే విదేశీ బ్యాంకులను కూడా శిక్షిస్తామని అమెరికా 2023 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. అందుకే మన బ్యాంకులు ఆ జాబితాలనూ సరిచూసుకుంటాయి.

మీ విషయంలో జరిగింది బహుశా పేరు పోలిక మాత్రమే. సాఫ్ట్‌వేర్ చూసేది అక్షరాలను. అరబీ, ఉర్దూ పేర్లను ఇంగ్లిషులో నాలుగైదు తీర్లుగా రాస్తారు. మన జిల్లాల్లో మరో చిక్కు కూడా ఉంది: ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉండి, బ్యాంకు పుస్తకంలో అసలే ఉండదు, బడిలో రాయించిన పుట్టిన తేదీ ఒకటైతే పాస్‌పోర్టులోది మరొకటి. సమితి జాబితాలో పేరుతో పాటు చాలావరకు పుట్టిన తేదీ, పౌరసత్వం, పాస్‌పోర్టు నంబరు, మారుపేర్లు కూడా ఉంటాయి కాబట్టి, అవి కలవవని చూపితే అనుమానం తీరుతుంది. తమ్ముడి పాస్‌పోర్టు, ఎమిరేట్స్ ఐడీ, జీతం పత్రం, డబ్బు పంపిన రసీదు నకళ్లు జతచేసి మేనేజరుకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాటతో తిరిగితే నెలలు గడుస్తాయి.

నిజంగానే 51ఏ కింద స్తంభింపజేసి ఉంటే, పొరపాటున మీది ఆపారని ఆధారాలతో ఇచ్చిన దరఖాస్తును బ్యాంకు రెండు పని దినాల్లో కేంద్ర హోం శాఖలోని నోడల్ అధికారికి పంపాలి. విడుదల ఉత్తర్వు ఇవ్వవలసింది ఆయనే. అలాంటి ఉత్తర్వేదీ లేకుండా బ్యాంకే ఆపి ఉంచి, మీ ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) రాయవచ్చు. కౌంటరులోని ఉద్యోగి పెదవి విప్పడం లేదని కోపగించకండి. అనుమానాస్పద లావాదేవీ అని నివేదిక పంపినా, ఆ సంగతి ఖాతాదారుకు చెప్పకూడదని మనీ లాండరింగ్ నిబంధనలే అంటున్నాయి. విసుగెత్తి వచ్చే నెల నుంచి హవాలా మనిషి చేతికి ఇద్దామనుకుంటే మాత్రం, ఇప్పుడు లేని కేసు అప్పుడు ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) కింద నిజంగానే వస్తుంది.

ప్రశ్న: ఇరాన్ వ్యాపారి ఒకరు మా పసుపు కొంటానంటున్నారు. డబ్బు మాత్రం దుబాయి కంపెనీ ఒకటి పంపుతుందట. ఒప్పుకోవచ్చా?
– ఒక వ్యాపారి, నిజామాబాద్

జవాబు: పసుపు అమ్మడంలో తప్పు లేదు. సమితి ఆంక్షలు ఆహార పదార్థాల మీద లేవు, అమెరికా కూడా వ్యవసాయ ఉత్పత్తులకు మినహాయింపు ఇచ్చింది. కానీ 2025 సెప్టెంబరు 28 నుంచి ఇరాన్ మీద సమితి పాత ఆంక్షలు తిరిగి అమల్లోకి వచ్చాయి (రష్యా, చైనా దీన్ని ఒప్పుకోవడం లేదు). కొనేవారు, ఓడ, బ్యాంకు, వీటిలో ఏ ఒక్కటి జాబితాలో ఉన్నా సరుకు పసుపే అన్న వాదన నిలవదు. ఆ దుబాయి కంపెనీ పేరు జాబితాలో లేకపోవడం కూడా చాలదు. జాబితాలో ఉన్నవారికి 50 శాతం, అంతకు మించి వాటా ఉంటే దాన్నీ జాబితాలో ఉన్నట్టే అమెరికా లెక్కిస్తుంది. మూడో వ్యక్తి చెల్లించే పద్ధతికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్నా, ఆ సంగతిని ఎగుమతి ప్రకటన పత్రంలో ముందే చూపాలి. ఆంక్షల ఉల్లంఘనపై చర్య తీసుకునే గడువును అమెరికా 2024 ఏప్రిల్‌లో 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెంచింది కాబట్టి కాగితాలను అన్నేళ్లూ దాచండి.

ఆ కంపెనీ యజమానులెవరో సరుకు లారీ ఎక్కకముందే మీ బ్యాంకుకు తెలియాలి. కంటైనరు ఇరాన్ రేవు బందర్ అబ్బాస్ చేరాక అడిగితే, కొన్నవారు చెప్పిందే మీరు వినవలసి వస్తుంది.